కర్రపెండలం గ్రాఫు: ఒక్కో దేశానిది ఒక్కో దారి. మరి మన వరంగల్ దిక్కు ఎందుకు రాలే?

#1 · ఓరుగల్లు లెక్కలు · హనుమకొండ

అందరికీ నమస్తే. తమ్ముని ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం ఎఫ్‌ఏఓ, అంటే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంకెలు దించిన. 1961 నుంచి దేశాలవారీగా కర్రపెండలం (సగ్గుబియ్యం చేసే దుంప) ఉత్పత్తి. వాడు మార్కులు తెచ్చుకొని మర్చిపోయిండు. నాకే ఆ గ్రాఫు బుర్రల తిరుగుతున్నది.

1961ల ప్రపంచం మొత్తం కలిపి 7 కోట్ల టన్నులు. ఇప్పుడు 30 కోట్లు దాటింది. అండ్ల సగం కన్నా చాలా ఎక్కువ ఆఫ్రికాదే. బ్రెజిల్ 1970 దగ్గర 3 కోట్ల టన్నులతోని అందరికన్నా పైన ఉండె, ఇప్పుడు 2 కోట్ల లోపే. థాయిలాండ్ 1961ల 20 లక్షలు కూడా లేదు, ఇప్పుడు 3 కోట్లకు అటూ ఇటూ. నైజీరియా 70 లక్షల నుంచి 6 కోట్లకు పోయింది. ఇండియాదే సమజైతలేదు. ఉత్పత్తి 1960ల మొదట్ల 20 లక్షల టన్నులు, 1970ల నడుమ 60 లక్షలు దాటింది, ఆ తర్వాత ఎక్కుతది, దిగుతది. భూమి మాత్రం 1970ల నడుమ 4 లక్షల హెక్టార్ల దగ్గరికి పోయి, ఇప్పుడు సగం కన్నా తక్కువైంది.

ఒక్కటే పంట ఒక్కో దేశంల ఒక్కో తీరుగ ఎందుకు పోయింది? ఇంకో సంగతి, ఇది నా స్వార్థం. మా చిన్నాయనకు ములుగు రోడ్డు మీద ఐదెకరాల చెల్క ఉన్నది. పత్తి పెట్టి పెట్టి విసిగిండు. "కర్రపెండలం పెట్టు, నీళ్లక్కర్లేదు, మందులక్కర్లేదు" అని ఎవరో చెవుల వేసిన్రు. పెట్టొచ్చా?

#2 · యాసంగి · జమ్మికుంట

నీళ్లక్కర్లేదు, మందులక్కర్లేదు అన్నాయన కొనెటోడు ఎక్కడున్నడో చెప్పిండా? గది అడుగు ముందు.

#3 · మెట్ట గాలి · పెద్దాపురం

అన్నగారూ, మా వైపు ఇది ఇంటి పంటండి. పెద్దాపురం, జగ్గంపేట, గండేపల్లి, రంగంపేట మెట్ట భూములు, పైన రంపచోడవరం ఏజెన్సీ. అంతా ఎర్ర నేలలు, వర్షాధారం. ఆంధ్రలో కర్రపెండలం అంటే చాలావరకు ఈ ముక్కేనండి. మిగతా జిల్లాల్లో చెప్పుకోదగ్గంత లేదు.

అది ఇక్కడే ఎందుకు నిలబడిందంటే సామర్లకోట, పెద్దాపురం చుట్టూ సగ్గుబియ్యం మిల్లులు ఉన్నాయి కాబట్టి. దుంప తవ్విన రెండు మూడు రోజుల్లో మిల్లుకు చేరాలి. ఆ తర్వాత లోపల నల్ల చారలు వస్తాయి, పిండి తగ్గిపోతుంది, మిల్లువాడు మొహం తిప్పుకుంటాడు. మిల్లులో తొక్క తీసి, కడిగి, తురిమి, పిండి పాలు తీసి తొట్లలో పేరబెడతారు. అడుగున దిగిన పిండిని గుళికలు కట్టించి, పెనాల మీద వేయించి, కళ్లాల్లో ఎండబెడితే సగ్గుబియ్యం. అందుకే చలికాలం నుంచి ఎండాకాలం దాకానే అసలు సీజను. ఆ సీజన్లో అందరూ ఒక్కసారే తవ్వితే ధర పడిపోతుంది, తెలిసిందే కదండి.

దిగుబడిలో మేం తమిళనాడుకు చాలా దూరం. వాళ్లది నీటి కింద పంట, మాది వాన కింద. మా దగ్గర ఎక్కువగా హెచ్-165. 1971లో విడుదలైన రకం, ఇప్పటికీ దాన్నే పట్టుకు వేలాడుతున్నాం. ఎనిమిది తొమ్మిది నెలల్లో వచ్చేస్తుంది, అదే దాని గుణం. బోరు పడ్డ చోట రైతు ఆయిల్‌పామ్ వైపు చూస్తున్నాడు, నీళ్లు లేని చోట జామాయిల్ వేసి వదిలేసేవాళ్లూ ఉన్నారు. మా దగ్గరా విస్తీర్ణం ఏటికేడు నిలకడగా ఉండదు. నిరుడు ధర ఎలా ఉంటే ఈ ఏడు నాట్లు అలా.

#4 · యాసంగి · జమ్మికుంట

చూసినవా తమ్మీ. రెండు మూడు రోజులు. ములుగు రోడ్డు నుంచి సామర్లకోట పోవాలంటే లారీ కిరాయే దుంపను మింగుతది.

#5 · పుత్తరికండం · తిరువనంతపురం

మాది కాజీపేట, ఉద్యోగం మీద ఇక్కడ ఉంటున్నాం. కేరళ గీత సంగతి నేను చెప్తాను.

ఇది బ్రెజిల్ వైపు నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చిన దుంప. ట్రావెన్‌కోర్‌లో దీన్ని జనం తిండిగా పట్టుకొచ్చింది విశాఖం తిరునాళ్ మహారాజు, 1880 నుంచి 1885 దాకా ఏలినాయన. కరువు నుంచి బయటపడే తిండి అని. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు 1942లో బర్మాను పట్టుకునేసరికి అక్కడి బియ్యం ఆగిపోయింది. అప్పుడు ఇక్కడి పేదల కడుపు నింపింది ఈ దుంపే. అంటే కేరళలో ఇది బియ్యం దొరకనప్పటి పంట.

1970ల నడుమ 3 లక్షల హెక్టార్లు దాటింది. అదే శిఖరం. ఆ తర్వాత పడుడే పడుడు, ఇప్పుడు 60 వేల హెక్టార్ల చుట్టుపక్కల. రేషన్ బియ్యం ఇంటింటికీ చేరింది, గల్ఫ్ డబ్బులొచ్చాయి, కూలి పెరిగింది, కొండవాలు భూములన్నీ రబ్బరు తోటలయ్యాయి. అయితే భూమి ఐదో వంతుకు పడినా ఉత్పత్తి అంతగా పడలేదు, సుమారు సగానికే ఆగింది. మిగిలిన భూమిలో మంచి రకాలు, మంచి యాజమాన్యం వచ్చాయి. శ్రీకార్యంలో 1963లో పెట్టిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ, అదే సీటీసీఆర్‌ఐ, మా ఇంటికి దగ్గరే. హెచ్-165, హెచ్-226 అక్కడివే.

ఇప్పుడు కప్పా (ఇక్కడ ఈ దుంపను అలాగే అంటారు), చేపల పులుసు హోటల్లో గొప్ప తిండి. ఒకప్పుడు తప్పక తిన్నది ఇప్పుడు ఆదివారం ఆర్డరిచ్చి తింటున్నారు.

#6 · ఓరుగల్లు లెక్కలు · హనుమకొండ

అక్కా, మస్తు చెప్పిన్రు. అంటే ఇండియా గీత అసలు ఒక్క గీత కాదన్నట్టు. కేరళ దిగుతాంటే ఇంకెవరో ఎక్కిన్రు.

#7 · సగటు మనిషి · కరీంనగర్

ఎక్కింది తమిళనాడు. సేలం, నామక్కల్, ధర్మపురి వైపు. అక్కడిది తిండి కథ కాదు, పిండి కథ. యుద్ధకాలంలో బయటి నుంచి సగ్గుబియ్యం, స్టార్చ్ రావడం ఆగితే 1940ల్లో సేలం చుట్టూ ఈ పరిశ్రమ మొదలైంది. 1981లో తయారీదారుల సహకార సంఘం సాగోసర్వ్ వచ్చింది, సరుకు నిల్వకూ అమ్మకానికీ ఒక చోటు ఏర్పడింది. అక్కడ దుంపను ఉత్త బరువు మీద కొనరు, పిండి ఎంత శాతం ఉందో చూసి పాయింట్ల లెక్కన ధర కడతారు. దాంతో రైతు కూడా పిండి ఎక్కువ ఉన్న రకం వైపు పోతాడు.

అందుకే మీ గ్రాఫును మూడు గీతలుగా విడగొట్టాలి: విస్తీర్ణం, దిగుబడి, ఉత్పత్తి. ఒక్క ఉత్పత్తి గీత చూస్తే ఏమీ అర్థం కాదు. ఇండియా భూమి తగ్గించుకుని దిగుబడి పెంచుకుంది. 1960ల మొదట్లో హెక్టారుకు 7 టన్నులు, ఇప్పుడు 35 దాకా. ప్రపంచ సగటు 10, 11 దగ్గరే ఉంది. అంటే మనది మూడింతలు. నైజీరియా సరిగ్గా తలకిందులు. దిగుబడి అక్కడక్కడే, పెరిగిందంతా భూమే.

ఇంకొకటి. కర్రపెండలం టన్నులను వరి, మక్కల టన్నుల పక్కన పెట్టి పోల్చవద్దు. పచ్చి దుంపలో 60 శాతం పైన నీళ్లే. 30 కోట్ల టన్నులంటే ఎండిన లెక్కలో 10 కోట్ల టన్నుల చుట్టుపక్కల. పేపర్లలో "వరితో సమానం" అని రాసే రాతలన్నీ ఈ నీళ్లను మర్చిపోయి రాసినవే.

#8 · లాగోస్‌ల ఓరుగల్లోడు · నైజీరియా

నర్సంపేట మాది, ఇక్కడ ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ పని. సగటు మనిషి చెప్పింది కరెక్టే గానీ ఒక్క మాట.

ఇక్కడ కర్రపెండలాన్ని అంకెల్లోకి ఎక్కించుడు అంత అల్కగ లేదు. మన దగ్గర వరి కోసినట్టు ఒక్క తారీఖున కొయ్యరు. చేనుల పెట్టి వదులుతరు, ఏడాది, ఏడాదిన్నర, అవసరమైనప్పుడు నాలుగు మొక్కలు పీకుతరు. చేనే వాళ్లకు గరిసె. మొక్కజొన్న, ఎగుసి (గింజల కోసం పెంచే పుచ్చ) కలిపి పెడ్తరు. గసుంటి దగ్గర ఇంత విస్తీర్ణం, ఇంత దిగుబడి అని ఎవరు కొలుస్తరు? అందుకే పై అంకెను నమ్మి, కింది పాయింటు దాకా కొట్లాడకుండ్రి. దిశ మాత్రం ఖాయం, జనం పెరిగిన్రు, పట్నాలు పెరిగినయ్, గారి తినుడు పెరిగింది. గారి అంటే దుంపను తురిమి, పులియబెట్టి, నీళ్లు పిండి, వేయించిన రవ్వ. నిల్వ ఉంటది, నీళ్లు పోసుకుంటే తిండి. నాకు మొదట్ల పులుపు అనిపించేది, ఇప్పుడు పప్పు కలుపుకొని తింట. మా ఇంటామె మాత్రం ముట్టదు.

ఇబాదన్‌ల 1967ల పెట్టిన ఐఐటీఏ అని పరిశోధన సంస్థ ఉన్నది. ఆకులు ముడుచుకునే మొజాయిక్ తెగులును తట్టుకునే టీఎంఎస్ అనే రకాలు వాళ్లవే. 1980ల నుంచి నైజీరియా గీత నిటారుగ లేవనీకి అవి ఒక కారణం.

#9 · సగటు మనిషి · కరీంనగర్

కొలత సంగతి ఒప్పుకుంటాను. నిలువునా కోసే పంటకూ, కొంచెం కొంచెం పీక్కునే పంటకూ ఒకే టేప్ పనికిరాదు.

థాయిలాండ్ సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. వాళ్లు ఈ దుంపను పెద్దగా తినరు. 1970ల్లో యూరప్‌లో ధాన్యాల ధరలను ప్రభుత్వాలు పైన పట్టి ఉంచాయి. అక్కడి పశువుల దాణా కంపెనీలకు బార్లీ కన్నా బయటి నుంచి తెచ్చిన ఎండు కర్రపెండలం చవక పడింది. ఈశాన్య థాయిలాండ్ ఇసాన్ నేలలు రాత్రికి రాత్రే కర్రపెండలం చేలయ్యాయి. యూరప్ రైతులు గోల పెడితే 1982లో దిగుమతికి హద్దు పెట్టారు. 1992లో యూరప్ ధాన్యాల మద్దతు ధరలు తగ్గించింది, దాణాకు అక్కడి గోధుమలే చవకయ్యాయి. థాయ్ వాళ్లు స్టార్చ్ వైపూ, చైనాలో ఆల్కహాల్ తీసే ఫ్యాక్టరీలకు ఎండు ముక్కలు అమ్మడం వైపూ తిరిగారు. అదే ఏడు, 1992లో, కసెట్సార్ట్-50 అనే రకం విడుదలైంది. దిగుబడి, పిండి శాతం రెండూ దానితో పెరిగాయి.

అంటే యూరప్ దేశాల ఉమ్మడి నిర్ణయాలు జరిగే బ్రస్సెల్స్‌లో ఒక సంతకం పడితే ఇసాన్‌లో చేను మారింది. గ్రాఫులో మీకు వంపు కనిపిస్తుంది, సంతకం కనిపించదు.

బ్రెజిల్ పడటానికి కూడా ఇలాంటిదే ఒక కారణం చెప్తారు. 1970ల్లో అక్కడి ప్రభుత్వం గోధుమలకు సబ్సిడీ ఇచ్చింది, పట్నాల్లో రొట్టె చవకైంది, కర్రపెండలం పిండి పళ్లెంలోంచి జరిగింది.

#10 · ఓరుగల్లు లెక్కలు · హనుమకొండ

థాయిలాండ్ గీతల ఒక గుంత ఉన్నది అన్నా. 2009ల 3 కోట్ల టన్నులు, 2010ల 2.2 కోట్లు. ఒక్క ఏడాదిల! ఇది కూడా సంతకమేనా?

#11 · పుత్తరికండం · తిరువనంతపురం

కాదు, అది పురుగు. ఒంటి మీద తెల్ల పిండి పూసినట్టుండే పిండినల్లి. దక్షిణ అమెరికాది. 1970ల మొదట్లో ఆఫ్రికాలో దిగి కాంగో నుంచి అటూ ఇటూ పాకి చేలను ఎండగొట్టింది. మందు కొడితే లొంగలేదు. పురుగు పుట్టిన చోటే దాని శత్రువు ఉంటుందని వెతికితే 1981లో పరాగ్వేలో ఒక బుల్లి కందిరీగ దొరికింది. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. దాన్ని పెంచి ఆఫ్రికా అంతా వదిలారు. ఆ పని నడిపిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హాన్స్ హెరెన్‌కు 1995లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.

అదే పురుగు 2008లో థాయిలాండ్ చేరింది. మీ గుంత అదే. వాళ్లు కూడా 2009లో అదే కందిరీగను తెచ్చి, 2010లో పెద్దఎత్తున వదిలారు. మన దేశంలో 2020లో త్రిస్సూర్‌లో కనబడింది, తర్వాత తమిళనాడులో గట్టిగా దెబ్బకొట్టింది. పురుగుల మీద పరిశోధించే బెంగళూరు సంస్థ ఎన్‌బీఏఐఆర్ వాళ్లు కందిరీగను ఆఫ్రికా దేశం బెనిన్ నుంచి తెప్పించి, 2022లో సేలం వైపు చేలల్లో వదలడం మొదలుపెట్టారు.

"మందులక్కర్లేని పంట" అని మీ చిన్నాయనకు చెప్పినవాళ్లకు ఈ కథ చెప్పండి.

#12 · చెల్క బిడ్డ · పరకాల

అందరు దేశాలు తిరిగి వచ్చిన్రు గని మన ఊరి ముచ్చట ఎవరు చెప్తలేరు. నేను చెప్త.

చెల్క నేల ఈ పంటకు మంచిదే, నీళ్లు నిలువవు, దుంప ఊరుతది. రేగడిల మాత్రం పెట్టకుండ్రి, వానలకు కుళ్లుతది. మన దిక్కు వానలు కూడా సరిపోతయ్. నేల వల్ల, వాన వల్ల ఆగింది కాదు ఇది.

మొదటిది, టైము. పత్తి తీసినంక కాలువో బోరో ఉంటే యాసంగిల మక్క పెడ్తం. మక్క నాలుగు నెలల్ల ఇంటికొస్తది, ఎండబెట్టి పెట్టుకుంటే ధర వచ్చినదాక ఆగొచ్చు. కర్రపెండలం తొమ్మిది పది నెలలు భూమిని పట్టుకుంటది, తవ్వినంక రెండు రోజులు ఆగదు. స్టార్చ్ కంపెనీకి గూడ మక్క అయితే ఏడాది పొడుగునా దొరుకుతది. ఎస్సారెస్పీ నీళ్లు వచ్చిన ఊర్ల రైతు ఏడాదికి ఒక్క పంట ఎందుకు పెడ్తడు?

రెండోది, కోతులు. నవ్వకుండ్రి. మా ఊర్ల పల్లికాయ పెట్టుడు బందయ్యింది, కూరగాయలు బందయ్యినయ్, అన్నీ కోతుల వల్లనే. పత్తిని కోతి తినది, గందుకే పత్తి నిలిచింది. దుంపలకు కోతులు, అడవిపందులు రెండూ వస్తయ్. ములుగు రోడ్డు అంటే అడవి పక్కనే. పంది ఒక్క రాత్రి చేనుల పడితే సాలు సాలు దున్నినట్టే.

మూడోది ఫ్యాక్టరీ. చెరుకు సంగతి చూడుండ్రి. నిజాం కాలంల బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన్రు, తర్వాత ఇటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటల ఒకటి. చుట్టుపక్కల చెరుకే చెరుకు. 2015ల అవి మూతపడ్డయ్, చెరుకు పాయె. చెరుకుకు తెగులు రాలే, భూమి చెడిపోలే. గానుగ ఆగింది, గంతే. కర్రపెండలం గూడ గసుంటి పంటనే.

#13 · కొత్త విత్తు · మంచిర్యాల

మరి ఫ్యాక్టరీనే పెడితే? ఇథనాల్‌కు బియ్యం, మక్కలు పోతున్నయ్. దాని బదులు కర్రపెండలం పెట్టి దానితోని తీయొచ్చు కదా. థాయిలాండ్ ముక్కలతోని చైనా వాళ్లు తీస్తున్నరని పైన చెప్పిన్రు.

#14 · యాసంగి · జమ్మికుంట

తియ్యొచ్చు. ఎక్కడ పెడ్తవ్? 2024ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కిన్రు గుర్తుందా? వాళ్లది తప్పనను. ఊరి నీళ్లు ఊరోళ్లకు ముఖ్యం.

#15 · మెట్ట గాలి · పెద్దాపురం

సగ్గుబియ్యం మిల్లుది కూడా నీళ్ల గొడవేనండి. దుంప కడగడానికీ, పాలు తీయడానికీ బోలెడు నీళ్లు కావాలి, బయటికొచ్చేది పుల్లటి వాసన. దుంపలో ఉండే సయనైడ్ విషం కూడా ఆ నీళ్లలోకే దిగుతుంది. సేలంలో బోర్ల నీళ్లు చెడ్డాయన్న ఫిర్యాదులు పాతవే. శుద్ధి చేసి గ్యాస్ తీసుకునే మిల్లులూ ఉన్నాయి, కానీ ఆ ఖర్చు చిన్న మిల్లువాడు పెట్టలేడు.

కొత్త విత్తుగారూ, ఇంకొకటి. ఫ్యాక్టరీ పెట్టేవాడు ముందు దుంప ఎక్కడుందని అడుగుతాడు. రైతేమో ముందు ఫ్యాక్టరీ ఎక్కడుందని అడుగుతాడు. మీ వైపు ఆయిల్‌పామ్‌కు సర్కారు జోన్లు పెట్టి, ఒక్కో కంపెనీకి ఒక్కో జిల్లా ఇచ్చి, మొక్కల నుంచి మిల్లు దాకా బాధ్యత పెట్టింది కదా, ఆ గెల కూడా ఇరవై నాలుగు గంటల్లో మిల్లు చేరాల్సిందే కాబట్టి. కర్రపెండలానికి అలాంటి ఏర్పాటు ఎవరూ చేయలేదు.

#16 · సగటు మనిషి · కరీంనగర్

దీనితో మొదటి ప్రశ్నకు నా జవాబు పూర్తవుతుంది. ఆఫ్రికాలో తినేవాడు చేను పక్కనే ఉన్నాడు, పంట పెరిగింది. కేరళలో తినేవాడు బియ్యానికి మారాడు, తగ్గింది. సేలంలో, ఇసాన్‌లో కొనేవాడు ఫ్యాక్టరీ, అతనితో పాటు పంట ఎక్కుతుంది, దిగుతుంది. ఉత్తర తెలంగాణలో తినేవాడూ లేడు, ఫ్యాక్టరీ కూడా లేదు. మనం సగ్గుబియ్యం పాయసం తాగుతాం, అది పాకెట్లో వస్తుంది.

#17 · ఓరుగల్లు లెక్కలు · హనుమకొండ

చిన్నాయనకు అన్నీ చదివి వినిపించిన. ఐదెకరాలు వద్దన్నడు. కానీ ఇంటి ముంగట పెరడుల, గేటుకు తాళం ఉన్న చోట, ఒక ఇరవై కట్టెలు (కాండం ముక్కలు) నాటి చూస్తా అంటున్నడు. తినటానికే. కట్టెలు ఎట్ల తేవాలె?

#18 · పుత్తరికండం · తిరువనంతపురం

తెలిసినవాళ్ల చేను నుంచి తెచ్చుకునేటప్పుడు ఆకులు చూడమనండి. పసుపు మచ్చలతో ముడుచుకుని ఉంటే మొజాయిక్. అది తెల్లదోమ వల్లా వస్తుంది, కట్టెతోనూ వస్తుంది. రోగం ఉన్న కట్టె నాటితే రోగాన్ని నాటినట్టే. తెగులు తట్టుకునే శ్రీరక్ష లాంటి రకాలు సీటీసీఆర్‌ఐవి ఉన్నాయి. హైదరాబాద్ వెళ్తే రాజేంద్రనగర్‌లో దుంప పంటల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, అక్కడ అడగొచ్చు.

#19 · మెట్ట గాలి · పెద్దాపురం

జానెడు కట్టె, ముదురుది, ఎనిమిది పది కళ్లున్నది తీసుకోండి. కళ్లు పైకి ఉండేలా నిలువుగా గుచ్చాలి, తలకిందులైతే మొలక లేటు. మొక్కకు మొక్కకు మూడడుగులు. తొలకరికి నాటితే సంక్రాంతి దాటాక తవ్వుకోవచ్చు. తొక్క మందంగా తీసి, ముక్కలు కోసి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. పచ్చి దుంప పిల్లలకు ఇవ్వొద్దు.

#20 · చెల్క బిడ్డ · పరకాల

మేకలు ఉన్నయా మీ చిన్నాయనకు?

#21 · ఓరుగల్లు లెక్కలు · హనుమకొండ

నాలుగు ఉన్నయ్ అన్నా. ఎందుకు?

#22 · చెల్క బిడ్డ · పరకాల

పచ్చి ఆకు, తొక్క మేకకు పెడితే కడుపుబ్బి కాళ్లు తన్నుకుంటది, చచ్చినా చస్తది. గేటుకు తాళం కోతుల కోసం కాదు, వాటి కోసం వెయ్యమను. కోతి గోడ దునుకుతది ఎట్లయినా.

#23 · మెట్ట గాలి · పెద్దాపురం

నిజమేనండి, మా వైపు పశువులకు ఎండబెట్టి గానీ పెట్టరు. ఎండితే విషం చాలావరకు పోతుంది. కట్టెలు కావాలంటే చెప్పండి, ఏప్రిల్‌లో మా ఆఖరు చేలు తవ్వుతారు, ఒక మోపు పక్కన పెట్టించి నీడలో నిలబెట్టి ఉంచుతాను. వాన పడేదాకా ఆగుతాయి.